తొడిమ కిందికి పెట్టిన పెద్ద ఫిడేలు

2023 జూన్ 14, బుధవారం, ఉదయం పదిన్నర. తిరుపతిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక తంబురాకు బంక పెడుతున్నాను. ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక మోచేత్తో స్పీకరు నొక్కాను. చిత్తూరు నుంచి ఒకామె. పేరు సుగుణ అనీ, స్కూల్లో పిల్లలకు పాట నేర్పుతుందనీ, ఆదివారాలు చర్చిలో పాడేవాళ్లకు తోడుగా కీబోర్డు వాయిస్తుందనీ చెప్పింది.

"అమ్మా, మీరు ఫిడేళ్లు బాగు చేస్తారని చెప్పినారు. మాదొక పెద్ద ఫిడేలు ఉండాది. మెడ ఊడి చేతికొచ్చింది."

ఎంత పెద్దదని అడిగాను.

"నాకంటే పొడుగు" అంది.

అంటే డబుల్ బేస్. వయొలిన్ జాతిలో అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే కింది స్వరాలు పలికేది. వాయించే మనిషి నిలబడి, దాన్ని ఒంటికి ఆనించుకుని వాయించాలి. పాట వినేవాళ్లు దాని గొంతును విడిగా గుర్తుపట్టరు. తీసేస్తే మాత్రం పాట కాళ్లు నేలకు ఆననట్టు ఉంటుంది. 1974లో మా నాయన దగ్గర పనిలో కూర్చున్నప్పటి నుంచి వీణలు, తంబురాలు, వయొలిన్లు నా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. డబుల్ బేస్ ఒక్కటీ రాలేదు. అప్పటికి నాకు డెబ్భై ఒకటి నిండింది. ఇక రాదనే అనుకున్నాను.

ఫోనులోనే కొన్ని మాటలు చెప్పాను. దాన్ని నిలబెట్టవద్దు. తీగలు బిగించి చూడవద్దు. ఊడిపడింది ఏదైనా సరే, చిన్న పేడు అయినా పారేయకుండా ఒక కవర్లో వేసి ఉంచాలి. తిరుపతికి తీసుకురావద్దు, ఒకసారి దెబ్బతిన్న దాన్ని మళ్లీ బండి ఎక్కిస్తే మిగిలింది కూడా పోతుంది, నేనే వస్తాను అన్నాను. నిజానికి అది సగం కారణమే. మిగతా సగం, దాని లోపల ఎలా ఉంటుందో చూడాలన్న తహతహ.

మరునాడు పొద్దున బస్సెక్కి చిత్తూరు చేరాను. సుగుణకు నలభై అయిదు దాటి ఉంటుంది. బస్టాండుకు స్కూటీ మీద వచ్చి, నా పనిముట్ల సంచి చూసి, "ఇంత బరువు మోసుకొచ్చినారు, మా మామ చూస్తే ఆపరేషన్ డాక్టరు అనుకుంటాడు" అంది. మామ అంటే ఆమె తల్లికి అన్న, జయరాజు గారు. ఎనభై మూడేళ్లు. ముప్పై ఏళ్లకు పైగా చెన్నైలో రికార్డింగ్ థియేటర్లలో డబుల్ బేస్ వాయించి, భార్య పోయాక మూడేళ్ల కిందట చిత్తూరుకు, మేనకోడలి ఇంటికి వచ్చేశారు. వాయిద్యం మాత్రం అక్కడే ఒక స్నేహితుడి ఇంట్లో ఉండిపోయింది. ఆ స్నేహితుడు ఇల్లు ఖాళీ చేస్తుంటే ఇప్పుడు తెప్పించక తప్పలేదు. మామిడికాయల కాలం కాబట్టి చెన్నైకి సరుకు దింపి వట్టిగా తిరిగి వచ్చే లారీలు రోజూ ఉంటాయి. అలాంటి ఒక లారీలో వచ్చింది.

ఇంటికి వెళ్లే దారిలో సుగుణ ఇంకొక సంగతి చెప్పింది. జయరాజు గారికి చెవులు దాదాపు పోయాయి. ముసలితనంలో సన్నటి శబ్దాలు ముందు పోతాయని, కింది శబ్దాలు కాస్త మిగులుతాయని డాక్టరు చెప్పాడట. పక్షులు, ఫోను మోత, ఆడవాళ్ల మాటలు ఆయనకు అందవు. లారీ ఇంజను, చర్చిలో పెద్ద డ్రమ్ము అందుతాయి. చిత్తూరుకు వచ్చిన నాటి నుంచి ఆయన అడిగింది ఒక్కటే. నా ఫిడేలు తెప్పించు, దాని గొంతు ఒక్కటి నాకు వినపడుతుంది అని.

"మూడేండ్లు అడిగినాడమ్మా" అంది సుగుణ. "తెప్పిస్తే ఇట్ల వచ్చింది."

ముందు గదిలో చాప మీద దుప్పటి పరిచి డబుల్ బేసును వెల్లకిలా పడుకోబెట్టారు. మెడ, దాని చివర తీగలు బిగించే చుట్ట తల, అన్నీ కలిపి పక్కన విడిగా ఉన్నాయి. జయరాజు గారు కుర్చీలో కూర్చుని ఒక పాదాన్ని దాని పక్క పలకకు ఆనించి ఉన్నారు. పొడుగాటి మనిషి. నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఎవరీమె అన్నట్టు మేనకోడలి వైపు తిరిగారు. ఆమె ఆయన చెవి దగ్గర వంగి, గొంతు బొంగురు చేసి చెప్పింది. ఆయనతో మాట్లాడాలంటే అలా మగవాడి గొంతు పెట్టాలి. నాకది చేతకాలేదు. అందుకే ఆ వారం అంతా నా మాటలు సుగుణ నోటి నుంచే ఆయనకు చేరాయి.

"మెడ సంగతి తర్వాత" అన్నారాయన. "లోపల పుల్ల యాడుండాదో చూడమను ముందు."

ఈ పుల్ల గురించి చదివేవాళ్లకు చెప్పాలి. వయొలిన్ జాతి వాయిద్యాలన్నిటికీ లోపల ఒక చిన్న కొయ్య నిలబడి ఉంటుంది. దాన్ని సౌండ్ పోస్ట్ అంటారు. పై పలకకూ వెనక పలకకూ మధ్య, తీగలను మోసే బ్రిడ్జి కుడికాలి దగ్గర నిలుస్తుంది. దానికి బంక పెట్టరు, మేకు కొట్టరు. తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. పై పలక అదురును వెనక పలకకు చేరవేసేది అదే. వెంట్రుకవాసి జరిపితే గొంతు మారుతుంది. మా నాయన దాన్ని ప్రాణంపుల్ల అనేవాడు. వయొలిన్లో అది పెన్సిలంత. డబుల్ బేసులో బొటనవేలంత లావు ఉంటుంది. తీగలన్నీ ఒకేసారి వదులు చేస్తే ఇది పడిపోతుంది. కాబట్టి డబుల్ బేస్ ఉన్నవాళ్లు తీగలు మార్చేటప్పుడు ఒకటి తీసి, దాని చోట కొత్తది బిగించాకే రెండోది తీయాలి. వీణ అలవాటు ఉన్నవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, కానీ తప్పదు.

పై పలకకు రెండు పక్కలా ఎఫ్ అక్షరంలా కోసిన సందులుంటాయి. అందులోంచి పళ్ల డాక్టర్లు వాడే అద్దం, చిన్న లైటు దించి చూశాను. లోపల ఒక గది ఉన్నట్టే ఉంది. పాత కొయ్య వాసన, మూలల్లో ముద్దకట్టిన దుమ్ము, వెనక పలక మీద గుండ్రంగా నల్లటి మచ్చ. పుల్ల నిలబడిన చోటు అది. మచ్చ ఉంది. పుల్ల లేదు. ఊడిపడ్డ వాటి కవరు తెమ్మన్నాను. బ్రిడ్జి ఉంది, రెండు పేళ్లు ఉన్నాయి, పుల్ల లేదు.

ఆ మాట సుగుణ జయరాజు గారి చెవిలో చెప్పింది. నలభై ఏళ్ల కిందట ఆయన ఆ పుల్లను పెట్టించి, తన చెవికి సరిపోయేదాకా రెండు రోజులు జరిపించి, ఆ తర్వాత ఎవరినీ దాని మీద చెయ్యి వేయనివ్వలేదని సుగుణ నాకు మెల్లగా చెప్పింది. ఆయన మాత్రం, "అది లేకుంటే ఇది వట్టి పెట్టె" అని ఊరుకున్నారు.

నేను మెడ ఊడిన చోటు చూశాను. అక్కడ నాకు ఆశ్చర్యం కలిగింది. మెడ అడుగు భాగం పెట్టె పై అంచున ఒక గాడిలో కూర్చుంటుంది. అంత పొడుగు మెడ, నాలుగు లావు తీగల లాగుడు, అన్నిటినీ మోసేది ఆ గాడే. అక్కడ విరిగితే మామూలుగా కొయ్య చీలిపోతుంది. ఇక్కడ కొయ్య చెక్కు చెదరలేదు. ఒరలోంచి కత్తి తీసినట్టు నున్నగా వచ్చేసింది. వేలితో ముట్టుకుంటే బంక జిగటగా అంటుకుంది. అది తోలు కాచి తీసే బంక. మా వైపు వడ్రంగులు దాన్ని వజ్రం అంటారు. పాత వాయిద్యాలన్నీ దానితోనే అతికిస్తారు. ఎండితే రాయిలా ఉంటుంది, తడీ వేడీ కలిసి తగిలితే మెత్తబడుతుంది. అంటే ఈ మెడకు ఎక్కడో తడి తగిలింది. పెట్టె మాత్రం పొడిగా ఉంది. జూన్ నెలలో, చెన్నై నుంచి చిత్తూరుకు, మెడ ఒక్కటే ఎలా తడుస్తుంది?

రెండో వింత పెట్టె కింది భాగంలో కనపడింది. అక్కడ పక్క పలక జానెడు పొడుగున చీలింది. దాని పక్కనే పాత అతుకు ఒకటి ఉంది, చెన్నైలో ఎవరో కుర్చీలకు వాడే తెల్ల బంకతో అతికించింది. ఆ అతుకు కొంచెం కూడా కదలలేదు. అది వదలలేదు కాబట్టే పక్కనున్న కొయ్య చీలింది. ఒకే ప్రయాణం, ఒకే దెబ్బ. ఒకచోట బంక వదిలి కొయ్య బతికింది, ఇంకొకచోట బంక పట్టుకుని కొయ్య పోయింది. అరగంట సేపు అటూ ఇటూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. సుగుణ తెచ్చిన కాఫీ చల్లారిపోయింది.

లారీలో ఎలా పెట్టారో తెలిస్తే తప్ప ఇది తేలదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరం మామిడి మండీకి వెళ్లాం. తోతాపురి కాయలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి, గడ్డి వాసన, సొన వాసన. డబుల్ బేసును లారీ ఎక్కించి తెచ్చింది మునిరత్నం అనే హమాలీ. నలభై ఏళ్ల మనిషి. ప్లాస్టిక్ క్రేట్లలో గడ్డి పరుస్తూ ఉన్నాడు. సుగుణను చూడగానే లేచి, "మేడం, బాగా వచ్చింది గదా పెద్ద ఫిడేలు?" అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. లారీలో దాన్ని ఎట్లా పెట్టినావప్పా అని నేనడిగాను.

"తొడిమ కిందికి పెట్టినామవ్వా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతను ఒక కాయ తీసి చూపించాడు. కోసిన మామిడికాయ తొడిమ దగ్గర సొన కారుతుంది. ఆ సొన కాయ మీద పడితే తోలు మాడి మచ్చలు పడతాయి. అందుకని కోసిన వెంటనే కాయను తొడిమ కిందికి ఉండేట్టు బోర్లిస్తారు. సొన నేలకు కారిపోతుంది. పుట్టినప్పటి నుంచి ఈ జిల్లాలోనే ఉన్నాను, మామిడికాయలు తింటూనే ఉన్నాను, ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

"ఇది కాయ కాదు గదా" అన్నాను.

"కాయ మాదిరే ఉండాది గదవ్వా. ఇంత పొట్ట, సన్నంగా తొడిమ. పొట్ట పగిల్తే పోతాదని మేడం ఫోన్లో సెప్పింది. పొట్ట పైకి పెట్టి, తొడిమను గడ్డి క్రేటులో దించి, నాలుగు దిక్కులా తాళ్లు కట్టినాం. ఎండకు కొయ్య పగలకుండా క్రేటులో తడి గోనె కూడా కుక్కినాం. ఒక్క కాయను ఇంత మురిపెంగా యాడా తీస్కపొయ్యింది లేదు."

అంతా తేటతెల్లమైంది. పెట్టె బరువంతా మూడు గంటలకు పైగా ఆ మెడ మీద ఉంది. మెడ తడి గోనెలో ఉంది. కింద లారీ ఇంజను వేడి, పైన ఎండ. ఆ ఆవిరికి వజ్రం మెత్తబడి మెడ మెల్లగా జారింది, పూర్తిగా ఊడింది ఇంటికొచ్చాకే. మెడ జారితే తీగలు వదులయ్యాయి, బ్రిడ్జి పడింది, లోపల పుల్ల పడింది. పెట్టె ఊగినప్పుడు తాళ్లు గుంజిన చోట పక్క పలక చీలింది. వజ్రం మెత్తబడి ఉండకపోతే ఆ బరువుకు మెడ అడుగు రెండుగా చీలేది. అతని తొడిమ కిందికి పెట్టే పద్ధతి మెడను ఊడదీసింది. అతని తడి గోనె దాన్ని చీలకుండా కాపాడింది. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు.

లోపల నుంచి ఒక పుల్ల ఏమైనా పడిందా అని అడిగాను.

"పడలా. లోపలుంటే నేనే తీసినా" అన్నాడు. "దించేటప్పుడు లొటలొటమన్నింది. మా క్రేటు పుల్లేదో దూరిందేమో, మేడం తిడతాదని తిరగేసి ఆడించి తీసినా."

"తీసి?" అంది సుగుణ.

"లారీ వెనక తలుపు కొక్కేనికి సీల పోయుండె. సరిగ్గా పట్టింది."

ఆ లారీ ఇప్పుడు ఎక్కడుందని సుగుణ అడిగింది. లారీ ఆ పూటే పలమనేరు మీదుగా బెంగుళూరు వైపు పోయిందనీ, రేపు వస్తుందనీ చెప్పాడు. మొదటిసారి అతని ముఖంలో ఏదో పొరపాటు జరిగిందన్న అనుమానం కనపడింది. ఆ పుల్ల ఏమిటో సుగుణ చెప్పింది. వాళ్ల మామ సంగతి చెప్పింది. అతను నెత్తి మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. వెంటనే లారీ డ్రైవరుకు ఫోను చేశాడు. డ్రైవరు ఎక్కడో హోటలు దగ్గర ఆగి ఉన్నాడు. చూసి చెప్పిన జవాబు మాకు కూడా వినపడింది. మొగిలి ఘాట్లో తలుపు అదిరి పుల్ల విరిగింది. పైముక్క ఇనుప రింగులో ఇరుక్కుని ఉంది. కిందిది లేదు.

"ఆ ముక్కను జేబులో పెట్టుకో. బంగారమనుకో" అన్నాడు మునిరత్నం ఫోన్లో.

మేం బయలుదేరుతుంటే అతను ఆపి, మరి ఎట్లా పెట్టాల్సింది అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేనొక్కదాన్నే జవాబు చెప్పడం బాగుండదని ఇంటికి తీసుకుపోయాం. జయరాజు గారు కోపగించుకుంటారని సుగుణ భయపడింది. ఆయన మునిరత్నాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతులతో గాలిలో డబుల్ బేసును పడుకోబెట్టి చూపిస్తూ చెప్పారు. నిలబెట్టకూడదు, తలకిందులు అసలే కూడదు. పక్క పలక మీద, ఒత్తిగిలి పడుకున్నట్టు పెట్టాలి. కింద మెత్తటి పొడి పరుపు. మెడ కింద దిండు, కానీ చుట్ట తల దేనికీ ఆనకుండా గాలిలో ఉండాలి. బ్రిడ్జి రెండు వైపులా తువ్వాలు చుట్టి దాని మీద ఏదీ ఒత్తకుండా చూడాలి. కింద నేలకు ఆనే ఇనుప కాలు, ఎండ్‌పిన్ అంటారు, దాన్ని పూర్తిగా లోపలికి నెట్టి బిగించాలి. తీగలు కొంచెం దించవచ్చు, వదిలేయకూడదు. తీగల మీద లాగి వాయించే బో విడిగా, దాని పెట్టెలో. తలుపులు మూసిన బండిలో ఎండలో వదలకూడదు. తడి గుడ్డ ఎప్పటికీ వద్దు.

"పురిటి మనిషి మాదిరి" అన్నాడు మునిరత్నం.

మగ గొంతు కాబట్టి జయరాజు గారికి అది వినపడింది. నేను వచ్చాక మొదటిసారి నవ్వారు.

నేను తిరుపతికి వెళ్లి, 19వ తేదీ సోమవారం కావలసినవన్నీ తీసుకుని మళ్లీ వచ్చాను. ముందు గాడిలోని పాత వజ్రాన్ని వేడి నీళ్ల గుడ్డతో కరిగించి తుడిచాను. కొత్త వజ్రాన్ని గిన్నెలో గిన్నె పెట్టి కాచాను. నేరుగా పొయ్యి మీద పెడితే మాడి పట్టు పోతుంది. వజ్రం వేడెక్కిందా చూడు అని నేనంటే, "వజ్రాలు పెట్టి అతికించేంత స్తోమతు మాకు లేదమ్మా" అని సుగుణ ఆట పట్టించింది. పూయడం, మెడను దించడం, సూటిగా ఉందో లేదో తాడు పట్టి చూడటం, అతుకును నొక్కి పట్టే క్లాంపు బిగించడం, అన్నీ వజ్రం చల్లబడక ముందే అయిపోవాలి. వయొలిన్ అయితే రెండు చేతులు చాలు. దీనికి సుగుణ, మునిరత్నం, నేను, ముగ్గురం పట్టాం. తర్వాత రెండు రోజులు ఆ మెడను ఎవరూ ముట్టుకోలేదు. చీలిన పక్క పలకకు లోపలి నుంచి పలుచటి కొయ్య ముక్కలు అడ్డంగా వేసి అతికించాను. ఆ తెల్ల బంక అతుకును మాత్రం ఏమీ చేయలేకపోయాను. విప్పబోతే పలకే పోతుంది.

ఆ రెండు రోజులూ కొత్త పుల్ల చేశాను. సౌండ్ పోస్టుకు తేలికైన, సూటి చారల స్ప్రూస్ కొయ్య కావాలి. అది మన దగ్గర పెరగదు. మదనపల్లెలో విప్పేసిన ఒక పాత పియానో అడుగు కొయ్యపట్టీ నా షెడ్డులో చాలా ఏళ్లుగా ఉంది. అది ఆ కొయ్యే, వెంట తెచ్చాను. మునిరత్నం తెచ్చిచ్చిన విరిగిన పైముక్కకు కొస ఏటవాలుగా కోసి ఉంది. పై పలక వంపుకు సరిపడే కోత. ఆ వాలు దాని నుంచే తీసుకున్నాను. నిలిచిన చోటు లోపలి మచ్చ చెప్పింది. పొడుగు మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండు వెదురు బద్దలను ఒకదాని మీద ఒకటి జరిగేట్టు కట్టి, సందులోంచి దించి కొలుచుకున్నాను.

22వ తేదీ గురువారం మధ్యాహ్నం పుల్ల నిలబెట్టి, బ్రిడ్జి పెట్టి, తీగలు ఒక్కొక్కటే కొంచెం కొంచెంగా ఎక్కించాం. బ్రిడ్జి పైకొస మెడ వైపు వాలుతూ ఉంటుంది, మధ్య మధ్యలో రెండు చేతులతో వెనక్కి సరిచేయాలి. లేకపోతే ఒక రోజు ఫెళ్లున పడుతుంది. కింది తీగ పాతబడి తెగింది. వాయిద్యంతో పాటు చెన్నై నుంచి వచ్చిన సంచిలో ఇంకొకటి ఉంది.

సుగుణ, చిన్నప్పుడు సెలవుల్లో మామ దగ్గర నేర్చుకున్నట్టే నిలబడి, ఎడమ మోకాలు వెనక పలకకు ఆనించి, బో తీసుకుంది. జయరాజు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని రెండు అరచేతులూ వెనక పలక మీద పెట్టి, నుదురు పక్క అంచుకు ఆనించారు. ఆమె కింది తీగ మీద ఒక్క బో నిదానంగా లాగింది. నాకు మొదట శబ్దంగా తెలియలేదు. అరికాళ్ల కింద బండ అదిరింది. తర్వాత చెవికి అందింది.

"ముక్కుతో మాట్లాడతా ఉండాది" అన్నారాయన.

తీగలు కొంచెం దించి, సందులోంచి వంపు కమ్మీ పెట్టి పుల్లను కొద్దిగా జరిపాను. మళ్లీ ఎక్కించాం. ఈసారి గొంతు పట్టుకున్నట్టు ఉందన్నారు. మళ్లీ జరిపాను. మధ్యలో మేనకోడలి చెయ్యి చూసి విసుక్కున్నారు.

"ఏందే, దాని మెడ పిసికేస్తా ఉండావు? ఇప్పుడే అతికించినారు. బొటనవేలు వదులు. చెయ్యి బరువు తీగ మీద వెయ్యి, అంతే."

ఆ మాట నాకు నచ్చి వివరం అడిగించాను. డబుల్ బేస్ తీగ లావుగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు బొటనవేలికీ వేళ్లకూ మధ్య మెడను నలిపేస్తారట. గంటలో చెయ్యి పడిపోతుంది. భుజం నుంచి చెయ్యి వేలాడినట్టుండి ఆ బరువే తీగను నొక్కాలి. ఉంగరపు వేలు ఒంటరిగా నిలవదు, చిటికెన వేలికి తోడుగా ఉండాలి. బో కింది తీగ మీద నిదానంగా, బ్రిడ్జికి కాస్త దగ్గరగా నడవాలి. తొందరపడితే లావు తీగ మేలుకోదు. బోకు రాసే రోజిన్ అనే జిగురు ముద్ద డబుల్ బేసుకు మెత్తటిది వాడతారు, అది మన ఎండకు డబ్బాలోనే కారి చదునవుతుంది, కాబట్టి డబ్బాను ఒరగనివ్వకుండా, నీడలో ఉంచాలి. పుల్ల జరిపే మధ్యలో ఇవన్నీ నేర్చుకున్నాను.

ఆరోసారి జరిపాక సుగుణ వాయించింది. ఆ గొంతు నాకు చాలా బాగుందనిపించింది. నిండుగా, ఎక్కడా జీర లేకుండా వచ్చింది. జయరాజు గారు కళ్లు మూసుకుని, ఆమె ఆపేదాకా విన్నారు. చేతులు తీసేశారు.

"బాగుండాది" అన్నారు. "నాది కాదు."

సుగుణ బో దించింది. ఇంకో చోట పెట్టి చూస్తాను, వేరే కొయ్యతో చేస్తాను, కావలసినన్ని సార్లు వస్తాను అని చెప్పమన్నాను. ఆమె వంగి ఆయన చెవిలో చెప్పింది.

"వద్దనమ్మా. ఆమె చేతిలో తప్పు లేదు" అన్నారాయన. "ఆ పుల్ల నలబై ఏండ్లు లోపల్నే ఉండి ముదిరింది. ఇది పచ్చిది. ఇది ముదిరేదాకా నేనుండను, నువ్వుంటావు. ఈ గొంతు నీది. నాకు వినపడతా ఉండాది, నాకది సాలు. వాయించు."

ఆమె వాయించింది. ఏదో చర్చి పాట, చాలా నిదానంగా. ఆయన మళ్లీ చేతులు పెట్టలేదు. దూరంగా కూర్చుని, కొత్త మనిషి మాట వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచి విన్నారు. నేను బంక గిన్నె కడగడానికి పెరట్లోకి వెళ్లాను.

ఆ తర్వాత వాయిద్యాలు అతికించేటప్పుడు నాకు రెండు విషయాలు స్థిరపడ్డాయి. బంక కొయ్య కంటే గట్టిగా ఉండకూడదు. దెబ్బ తగిలినప్పుడు ముందు వదలాల్సింది అతుకే, అప్పుడే మళ్లీ అతికించడానికి ఏమైనా మిగులుతుంది. మా నాయన ఇది చెప్పేవాడు, చిత్తూరులో రెండు అతుకులు పక్కపక్కన చూశాక అర్థమైంది. రెండోది, వాయిద్యం తెచ్చినవాళ్లు మునుపటిలాగే పలుకుతుందా అని అడుగుతారు. ఇన్నాళ్లూ పలుకుతుంది అనేదాన్ని. ఇప్పుడు, పలుకుతుంది, మునుపటిలాగా కాకపోవచ్చు అంటున్నాను. కొందరు వేరే చోటికి తీసుకుపోతారు. మంచిదే.

ఆ డబుల్ బేసుకు పోయినవి ఇవి. సౌండ్ పోస్ట్ ఒకటి, అందులో పైముక్క దొరికింది. పక్క పలకలో జానెడు కొయ్య. మెడ మొదట్లో, తడి గోనె తగిలిన చోట, అరచెయ్యంత వార్నిష్. కింది తీగ ఒకటి. జయరాజు గారు నలభై ఏళ్ల కిందట పెట్టించుకున్న గొంతు.